అమెరికా హైస్కూల్లో సస్పెన్షన్ పడితే కాలేజీ దరఖాస్తు సంగతేంటి?

మన దగ్గర టీసీ మీద ‘నడవడి’ అని ఒక గడి ఉంటుంది. పిల్లవాడు ఎంత అల్లరి చేసినా హెడ్మాస్టరు గారు అక్కడ ‘సంతృప్తికరం’ అని రాసి చేతిలో పెట్టేస్తారు. ఆ అలవాటు మనసులో ఉండిపోయి, అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులు బిడ్డకు సస్పెన్షన్ పడిందని తెలియగానే రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తుంటారు. కొందరు ‘మూడు రోజులేగా, కాలేజీ వాళ్లకేం తెలుస్తుంది’ అని వదిలేస్తారు. కొందరు బిడ్డ భవిష్యత్తే పోయిందని కుంగిపోయి, నలుగురికీ తెలియకుండా దాచే తాపత్రయంలో అప్పీలు గడువు దాటబెట్టుకుంటారు.

ఒక్క సస్పెన్షన్ ఉందని కాలేజీలన్నీ తలుపులు మూసెయ్యవు. సీటు ఎక్కువగా పోయేది, పిల్లవాడు రాసింది ఒకటీ స్కూలు పంపింది ఇంకొకటీ అయినప్పుడు. అందుకే చేయాల్సిన పని రెండు చోట్ల ఉంది. మొదటిది స్కూల్లో, శిక్ష ఖరారు కాకముందు. రెండోది పన్నెండో తరగతి మొదట్లో, దరఖాస్తు నింపేటప్పుడు.

రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎలా బయటికి వెళ్తుంది

ట్రాన్స్‌క్రిప్ట్ వేరు, క్రమశిక్షణ ఫైలు వేరు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో చదివిన కోర్సులు, గ్రేడ్లు, క్రెడిట్లు, జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉంటాయి. సస్పెన్షన్ సాధారణంగా దాని మీదికి ఎక్కదు. క్రమశిక్షణ ఫైలు స్కూలు జిల్లా (ఆ ప్రాంతపు ప్రభుత్వ బళ్లను నడిపే సంస్థ) కంప్యూటర్‌లో విడిగా ఉంటుంది. ఏ తేదీన ఏం జరిగింది, నియమావళిలో ఏ సెక్షన్ కింద పెట్టారు, ఏం శిక్ష వేశారు అన్నవి అందులో నమోదవుతాయి. అయితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద పరోక్షంగా మచ్చ పడవచ్చు. కాపీ కొట్టిన పరీక్షకు సున్నా వేస్తే గ్రేడు ఏ నుంచి సీకి పడిపోతుంది. సెమిస్టర్ మధ్యలో వేరే బడికి పంపితే ఆ మార్పు కనిపిస్తుంది. అడ్మిషన్ ఆఫీసరు ‘ఇక్కడేమైంది?’ అని ఆగేది అలాంటి చోటే.

కాలేజీకి ఈ సమాచారం చేరే దారులు మూడు: దరఖాస్తులో పిల్లవాడు ఇచ్చే జవాబు, కౌన్సెలర్ పంపే రిపోర్టులూ సిఫార్సు లేఖా, సీటు వచ్చాక స్కూలు పంపే ఫైనల్ రిపోర్ట్. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే ఆన్‌లైన్ వేదిక కామన్ యాప్ గురించి పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. ‘నీ మీద ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా’ అనే ప్రశ్నను కామన్ యాప్ 2021-22 దరఖాస్తుల నుంచి ఉమ్మడి భాగంలో తీసేసింది. నల్లజాతి విద్యార్థులు ఎక్కువ శాతంలో శిక్షల పాలవుతున్నారనీ, ఈ ప్రశ్న చూసి చాలామంది దరఖాస్తే మధ్యలో ఆపేస్తున్నారనీ గమనించి తీసుకున్న నిర్ణయమది. దీన్ని పట్టుకుని ‘ఇప్పుడెవరూ అడగరు’ అనుకోవడం ప్రమాదం. ఒక్కో కాలేజీకి తన సొంత ప్రశ్నల పేజీ ఉంటుంది, కావాలనుకున్న కాలేజీ అక్కడ అడగవచ్చు. ఉమ్మడి భాగం పూర్తిచేసి ఊపిరి పీల్చుకున్నాక, ఆఖరి రోజు రాత్రి ఆ పేజీ తెరిచి అక్కడ ప్రశ్న చూసి కంగారు పడే పిల్లలు ఉంటారు. ఆగస్టులోనే అన్ని కాలేజీల పేజీలూ తెరిచి చూడండి.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌ల పద్ధతి వేరు. దరఖాస్తుతో పాటు కౌన్సెలర్ లేఖలు తీసుకోరు, ట్రాన్స్‌క్రిప్ట్ కూడా సీటు వచ్చాకే అడుగుతారు. అక్కడ పిల్లవాడు రాసిందే ఆధారం కాబట్టి తర్వాత ఏదైనా తేడా తేలితే అది నేరుగా అతని నిజాయితీ మీదికే వస్తుంది.

మొదటి పది రోజులు

తల్లిదండ్రులు నిజంగా ఏమైనా చేయగలిగితే ఇక్కడే చేయగలరు. దానికి కారణం చట్టంలోనే ఉంది. విద్యార్థి రికార్డులకు సంబంధించిన ‘ఫెర్పా’ అనే సమాఖ్య చట్టం 1974లో వచ్చింది. ఫైల్లో తప్పుగా ఎక్కినదాన్ని సరిచేయమని అడిగే హక్కు దాని కింద ఉంది. తేదీ తప్పు, సెక్షన్ తప్పు, వేరే పిల్లవాడి పేరుతో కలగలిసింది లాంటివి దానితో దిద్దించవచ్చు. ‘ఈ శిక్ష అన్యాయం’ అన్న వాదనకు మాత్రం అక్కడ చోటు లేదు. శిక్ష న్యాయమా కాదా అన్నది స్కూలు విచారణలో, అప్పీల్లో తేలాల్సిందే. ఆ గడువు దాటితే ఏడాది తర్వాత ఎంత పెద్ద లాయరును పెట్టినా కష్టమే.

ప్రభుత్వ బడిలో పది రోజుల లోపు సస్పెన్షన్‌కైనా మూడు విషయాలు తప్పనిసరి అని 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరోపణ ఏమిటో చెప్పాలి. పిల్లవాడు ఒప్పుకోకపోతే వాళ్ల దగ్గరున్న ఆధారం ఏమిటో వివరించాలి. పిల్లవాడి మాట చెప్పుకోనివ్వాలి. పది రోజులు దాటే సస్పెన్షన్‌కూ ఎక్స్‌పల్షన్‌కూ (బడి నుంచి తొలగింపు) ఇంతకంటే గట్టి విచారణ ఉంటుంది. ప్రైవేటు బడికి ఈ తీర్పు వర్తించదు. అక్కడ మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన హ్యాండ్‌బుక్కే ఆధారం. సమాఖ్య నిధులు తీసుకోని ప్రైవేటు బళ్లకు ఫెర్పా కూడా వర్తించదు.

చేయాల్సింది ఈ వరసలో చేయండి.

1. సస్పెన్షన్ నోటీసు రాతపూర్వకంగా తెప్పించుకోండి. నియమావళిలో ఏ సెక్షన్, ఎన్ని రోజులు, అప్పీలుకు ఆఖరి తేదీ ఏది అన్న మూడూ అందులో వెతకండి. లేకపోతే అదే రోజు ఈమెయిల్ పెట్టి అడగండి. అప్పీలు గడువు జిల్లాను బట్టి మారుతుంది, కొన్ని చోట్ల కొద్ది రోజులే ఉంటుంది.

2. ఫోన్లో ఏం మాట్లాడుకున్నా వెంటనే ‘మనం మాట్లాడుకున్నది ఇది’ అని రెండు మూడు వాక్యాల ఈమెయిల్ పంపండి. ‘ఇది రికార్డులోకి వెళ్లదులెండి’ అని అసిస్టెంట్ ప్రిన్సిపల్ నోటితో అన్నమాట, ఆయన బదిలీ అయ్యాక ఎవరికీ గుర్తుండదు.

3. సెక్షన్ పేరు గురించి మాట్లాడండి. మన వాళ్లు రోజుల సంఖ్య తగ్గించమని బతిమాలతారు కానీ ఫైల్లో నిలిచిపోయేది తప్పు పేరు. ఇద్దరు పిల్లలు తోసుకుంటే ‘దాడి’ అని రాయడానికీ ‘పరస్పర తోపులాట’ అని రాయడానికీ చాలా తేడా ఉంది. ఐదు రోజులు మూడయినందువల్ల కాలేజీ దగ్గర ఒరిగేది తక్కువ. పేరు మారితే చాలా ఒరుగుతుంది.

4. సస్పెన్షన్‌కు బదులు మరో దారి ఉందా అని అడగండి. కౌన్సెలింగ్ క్లాసులు, నష్టపోయిన వాళ్లతో కూర్చుని మాట్లాడే సమావేశం, ప్రవర్తన ఒప్పందం వంటివి చాలా జిల్లాల్లో ఉన్నాయి. వాటిని పూర్తిచేస్తే ఫైల్లోంచి తొలగిస్తారా అని రాతలో అడగండి.

5. ఫైలు చూపించమని ఫెర్పా కింద రాయండి. 45 రోజుల్లోపు చూపించాలి. దిద్దడానికి ఒప్పుకోకపోతే విచారణ కోరవచ్చు, అప్పుడూ కాదంటే మీ వివరణను అదే ఫైల్లో చేర్చమనే హక్కు ఉంది. పిల్లవాడికి 18 నిండితే ఈ హక్కులు అతనివి అవుతాయి కాబట్టి ఉత్తరం మీద అతనే సంతకం పెట్టాలి.

బిడ్డకు ఐఈపీ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూలు రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) ఉంటే మరో ముఖ్యమైన రక్షణ ఉంది. పది రోజులకు మించి బడికి దూరం పెట్టాలని నిర్ణయిస్తే, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అని తేల్చే సమావేశం ఆ నిర్ణయమైన పది స్కూలు రోజుల్లో జరగాలి. వల్లే అని తేలితే శిక్ష తీరే మారిపోతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, అతి చురుకుదనపు సమస్య) ఉన్నట్లు డాక్టరు చెప్పినా ‘పేరు పడుతుందేమో’ అని స్కూలుకు చెప్పకుండా ఉంచే కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్లు ఈ రక్షణను చేజేతులా వదులుకుంటున్నారు.

బడి మారిస్తే పోతుందిలే అన్న ఆలోచన మానండి. సస్పెన్షన్, ఎక్స్‌పల్షన్ వివరాలు కొత్త బడికి పంపే ఏర్పాటు రాష్ట్రాల్లో ఉండాలని సమాఖ్య చట్టమే చెబుతోంది, దానికి మీ అనుమతి అక్కర్లేదు. ‘ఎక్స్‌పెల్ చేసేలోగా మీరే మాన్పించుకోండి’ అని స్కూలు చెప్పినప్పుడు కూడా జాగ్రత్త. విచారణ నడుస్తుండగా బడి మానేశావా అని అడిగే కాలేజీలు ఉన్నాయి.

కౌన్సెలర్‌తో మాట

పదకొండో తరగతి చివర గానీ, పన్నెండు మొదలవగానే గానీ పిల్లవాడే వెళ్లి అడగాలి. అడగాల్సినవి మూడు. మన స్కూలు క్రమశిక్షణ విషయాలు కాలేజీలకు చెబుతుందా? చెబితే ఏ స్థాయి నుంచి? నా విషయంలో మీరు ఏం రాస్తారు? కొన్ని జిల్లాలు అసలు ఏమీ చెప్పవు, కొన్ని ఎక్స్‌పల్షన్ మాత్రమే చెబుతాయి, కొన్ని ప్రైవేటు బళ్లు అన్నీ చెబుతాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలిసినవాళ్లు చెప్పింది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో అడిగి తెలుసుకునే విషయం కాదిది.

కౌన్సెలర్‌ను శత్రువుగా చూడకండి. ఆవిడ లేఖలో ‘పదో తరగతిలో ఒక పొరపాటు జరిగింది, ఆ తర్వాత ఈ అబ్బాయిలో మార్పు నేను కళ్లారా చూశాను’ అని ఒక్క వాక్యం ఉంటే, పిల్లవాడు రాసుకున్న పేజీకంటే బరువుంటుంది.

ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి

ఒక్కో కాలేజీ ఒక్కోలా అడుగుతుంది. ఒక కాగితం మీద గీతలు గీసి, కాలేజీ పేరు, ప్రశ్న పూర్తి పాఠం, ఏ తరగతి నుంచి అడిగారు, ఏ శిక్షల్ని లెక్కలోకి తీసుకున్నారు అని రాసుకోండి. ‘తొమ్మిదో తరగతి నుంచి’ అంటే మిడిల్ స్కూల్ గొడవ చెప్పక్కర్లేదు. ‘ప్రొబేషన్, సస్పెన్షన్, తొలగింపు’ అని జాబితా ఇస్తే మధ్యాహ్నం డిటెన్షన్ (కాసేపు బడిలో ఆపి ఉంచే శిక్ష) అందులోకి రాదు. ఇన్-స్కూల్ సస్పెన్షన్ (బడిలోనే వేరే గదిలో కూర్చోబెట్టడం) మాత్రం పేరులోనే సస్పెన్షన్ ఉంది కాబట్టి వస్తుందనే అనుకోండి. అనుమానం ఉంటే కౌన్సెలర్‌ను అడగాలి, తీరకపోతే కాలేజీకి పేరు చెప్పకుండా ఫోన్ చేయవచ్చు. కొన్ని ప్రశ్నల కింద ‘తొలగించిన, సీలు చేసిన రికార్డు గురించి చెప్పనవసరం లేదు’ అని ఉంటుంది. మీ దగ్గర తొలగించినట్లు కాగితం ఉంటేనే ఆ వాక్యాన్ని వాడుకోండి.

అడగని చోట తనంతట తాను చెప్పాలా? ఎవరూ అడగక, కౌన్సెలరూ పంపక, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ జాడా లేకపోతే చెప్పక్కర్లేదు. ఏదో ఒక దారిలో తెలిసే అవకాశం ఉంటే పిల్లవాడి నోటి నుంచే ముందు తెలియాలి. అడిగిన చోట అబద్ధం మాత్రం వద్దు. దరఖాస్తు చివర ‘ఇదంతా నిజం’ అని సంతకం చేస్తారు. అది అబద్ధమని తేలితే సీటే కాదు, చేరాక చదువు, డిగ్రీ కూడా రద్దు కావచ్చని అక్కడే రాసి ఉంటుంది.

వివరణ రాయడం

ప్రశ్న కిందే పెట్టె ఉంటే అందులో రాయాలి. లేకపోతే ‘అదనపు సమాచారం’ భాగంలో. కామన్ యాప్‌లో ఈ భాగానికి 2025-26 నుంచి 300 పదాలే హద్దు, అంతకుముందు 650 ఉండేది. 150 నుంచి 250 పదాలు చాలు. ముఖ్యమైన వ్యాసాన్ని ఈ విషయానికి ఖర్చు చేయకండి, అక్కడ పిల్లవాడి మిగతా జీవితం కనిపించాలి.

మొదటి రెండు వాక్యాల్లో ఏం జరిగిందో, ఎప్పుడో, ఏం శిక్షో సూటిగా చెప్పాలి. తర్వాత ఒకటి రెండు వాక్యాల్లో తన తప్పు ఏమిటో. మిగతా సగం పైగా ఆ తర్వాత ఏం చేశాడో. ‘చాలా నేర్చుకున్నాను’ అంటే ఎవరూ నమ్మరు, చేసిన పని కనబడాలి. ఉదాహరణకు కెమిస్ట్రీ పరీక్ష ప్రశ్నల ఫొటో స్నేహితులకు పంపిన పిల్లవాడు ఇలా రాయవచ్చు: ‘పదో తరగతి మార్చిలో మొదటి పీరియడ్ పరీక్ష ప్రశ్నల్ని ఫొటో తీసి ఇద్దరికి పంపాను. మూడు రోజులు సస్పెండ్ అయ్యాను, పరీక్షకు సున్నా వచ్చింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మంచివాడిననిపించుకోవాలని పంపాను, మిగతా క్లాసంతా నిజాయితీగా రాస్తోందని ఆలోచించలేదు. టీచరును కలిసి క్షమాపణ చెప్పాను. ఆ సెమిస్టరంతా ఆమె ట్యుటోరియల్‌కు వెళ్లాను. మరుసటి ఏడాది ఏపీ (కాలేజీ స్థాయి) కెమిస్ట్రీ ఆమె దగ్గరే తీసుకున్నాను.’ ఆ చివరి వాక్యం చేసే మేలు ఏ విశేషణమూ చేయదు.

చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. ‘అందరూ చేస్తున్నారు, నేనే దొరికాను’ అనడం. టీచరు పక్షపాతం గురించి రాయడం, అది నిజమైనా సరే. ఇతర పిల్లల పేర్లు పెట్టడం. ‘ఆరోపించబడిన సంఘటన’ వంటి లాయరు భాష. అన్నిటికంటే ఎక్కువగా, నాన్నో కన్సల్టెంటో రాసిచ్చిన భాష. వేల దరఖాస్తులు చదివే మనిషికి పదిహేడేళ్ల గొంతూ నలభై ఐదేళ్ల గొంతూ తేడా తెలుస్తుంది. మీరు చదివి, వాస్తవం తప్పుంటే చెప్పండి, వాక్యాలు మాత్రం అతనివే ఉండనివ్వండి.

ఏది ఎంత బరువు

తొమ్మిదో తరగతిలో ఒకసారి జరిగింది తేలిక. పన్నెండులో జరిగింది, రెండుసార్లు జరిగింది బరువు. బెదిరింపులు, ఆయుధాలు, లైంగిక వేధింపు, జాతి దూషణ చాలా బరువు. స్నాప్‌చాట్‌లో ‘సరదాకి’ పెట్టిన బెదిరింపు పోలీసు కేసు దాకా వెళ్తుంది. కాపీ కొట్టడాన్ని మన ఇళ్లలో చిన్నదిగా చూస్తాం కానీ కాలేజీ దాన్ని పెద్దదిగా చూస్తుంది, ఎందుకంటే అక్కడ చేయబోయే పనంతా సొంతంగా రాయడం మీదే నడుస్తుంది.

మెడిసిన్ చదివించాలనుకునే కుటుంబాలు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. మెడికల్ స్కూళ్ల దరఖాస్తు ఏఎంసీఏఎస్ అడిగేది కాలేజీలో తీసుకున్న చర్యల గురించి. హైస్కూల్ సస్పెన్షన్ అక్కడికి రాదు. కానీ హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల స్థానిక కాలేజీ) డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ క్లాసు (హైస్కూల్లో ఉంటూనే చదివే కాలేజీ క్లాసు) తీసుకుని అందులో కాపీ కొడితే, ఆ చర్య తీసుకున్నది కాలేజీ. పదిహేనేళ్ల వయసులో చేసింది ఇరవై రెండేళ్లప్పుడు అడుగుతారు. ఆ క్లాసుల్లో చేర్పించే ముందే పిల్లలకు ఇది చెప్పండి.

దరఖాస్తు పంపాక జరిగితే

సీటు ఆఫర్ షరతులతో కూడింది. ఏడాది చివరి వరకు అదే ప్రవర్తన, అవే మార్కులు ఉండాలి. ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టిన మీమ్‌ల వల్ల 2017లో హార్వర్డ్ కనీసం పదిమందికి ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకుంది. దరఖాస్తు పంపాక సస్పెన్షన్ పడితే, నిర్ణయం ఖరారైన కొద్ది రోజుల్లోనే పిల్లవాడు కౌన్సెలర్‌కు చెప్పి, అడిగిన కాలేజీలన్నిటికీ తనే రాయాలి. ఫైనల్ రిపోర్ట్ వెళ్లే జూన్ దాకా ఆగితే, అప్పటికి ఏ కాలేజీలో చేరేదీ ఖరారు చేయాల్సిన మే 1 దాటి, మిగతా కాలేజీలను వదులుకుని ఉంటారు.

హెచ్-4 మీద ఉన్న పిల్లలు

హెచ్-4 అంటే తల్లి లేదా తండ్రి హెచ్-1బీ వీసా మీద ఆధారపడిన వీసా. స్కూలు సస్పెన్షన్‌తో దానికి నేరుగా సంబంధం లేదు. పోలీసులు వస్తే కథ మారుతుంది. టెక్సస్‌లో 2023 చట్టం బడిలో వేప్‌తో (ఈ-సిగరెట్) దొరికిన పిల్లల్ని ప్రత్యామ్నాయ బడికి పంపడం తప్పనిసరి చేసింది, 2025లో మొదటిసారి దొరికినవాళ్లకు సడలించారు. అయితే ఆ వేప్‌లో గంజాయి నూనె ఉంటే అది టెక్సస్‌లో ఫెలనీ (తీవ్ర నేరం). పైగా అక్కడ పదిహేడేళ్లు నిండినవాళ్లను పెద్దల కోర్టుకే తీసుకెళ్తారు. సాధారణంగా జువెనైల్ (బాలల) కోర్టు తీర్పు వలస చట్టంలో నేరశిక్ష కింద లెక్కకు రాదు, పెద్దల కోర్టు తీర్పు వస్తుంది. మత్తుపదార్థాల కేసు వలస చట్టంలో చాలా తీవ్రమైనది. శిక్ష లేకపోయినా, ఒప్పుకుంటూ ఇచ్చిన మాట ఒక్కటే తర్వాత వీసా ఇంటర్వ్యూలో అడ్డుపడవచ్చు. కాబట్టి స్కూలు వాళ్లో పోలీసులో ఒప్పుకోలు కాగితం ముందు పెడితే సంతకానికి ముందు క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరుతో కూడా మాట్లాడండి. ఇరవై ఒకటో ఏట ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాల్సిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం.

ఎక్స్‌పల్షనే పడితే

ముందు డిప్లొమా సంగతి చూడండి. ప్రత్యామ్నాయ బడిలో గానీ, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ బడిలో గానీ క్రెడిట్లు ఆగకుండా చేర్పించాలి. ఖాళీగా గడిచిన సెమిస్టర్ గురించి తర్వాత మళ్లీ వివరణ రాసుకోవాల్సి వస్తుంది. తర్వాత కమ్యూనిటీ కాలేజీ. మన వాళ్లలో దాని పేరు ఎత్తితేనే చిన్నతనం అనుకునేవాళ్లున్నారు, అది బిడ్డకు అన్యాయం చేసే ఆలోచన. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు ‘ట్యాగ్’ అనే హామీ పథకం ఉంది. చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏ సాధిస్తే సీటు ఖాయం, కొన్ని కోర్సులకు మినహాయింపులు ఉంటాయి. ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబరులో పెట్టి, ఆ తర్వాత మామూలు యూసీ దరఖాస్తు కూడా విడిగా పంపాలి. మొదటిది పెట్టి రెండోది మర్చిపోతే హామీ చెల్లదు.